చప్పుళ్ల కచేరీ

పాఠ్యభాగ సందర్భం

ఇరవయ్యో శతాబ్దంలో విజ్ఞానశాస్త్రం కళలకు సమకూర్చిన సాధనాలలో ధ్వనిముద్రణ ముఖ్యమైనది. పాటను దాచుకోవడానికి పుట్టిన ఆ సాధనాన్నే పాట పుట్టించే వాద్యంగా మార్చినవారు కొందరున్నారు. వారి ప్రయత్నాన్ని, అందులో తలెత్తిన ఒక వివాదాన్ని ఈ పాఠం తెలుపుతుంది.

పాఠ్యభాగం

భరతుని నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు తెగలుగా విభజించింది. తీగలతో పలికే వీణ వంటివి తత వాద్యాలు. గాలితో పలికే వేణువు వంటివి సుషిర వాద్యాలు. చర్మంతో మూసిన మృదంగం వంటివి అవనద్ధ వాద్యాలు. కంచు తాళాల వంటివి ఘన వాద్యాలు. శతాబ్దాలు గడచినా, ఏ దేశంలో ఏ కొత్త వాద్యం పుట్టినా, దానిని ఈ నాలుగింటిలో ఏదో ఒకచోట కూర్చోబెట్టడం సాధ్యమైంది. విద్యుత్తుతో పలికే వాద్యాలు వచ్చినప్పుడు ఈ విభజనకు మొదటి చిక్కు ఏర్పడింది. 1948లో పారిస్ నగరంలోని ఒక రేడియో స్టూడియోలో రెండవ చిక్కు పుట్టింది. అక్కడ తయారైన సంగీతానికి తీగ లేదు, వేణువు లేదు, గాయకుడు లేడు. రైలింజను ఈల, పెట్టెల చక్రాల చప్పుడు, వంటపాత్రల మోత దానికి స్వరాలు. వాటిని పలికించిన వాద్యం గ్రామఫోన్ రికార్డు.

ఈ పనికి పూనుకొన్నవాడు పియెర్ షెఫెర్. ఆయన 1910లో ఫ్రాన్సు దేశపు నాన్సీ పట్టణంలో జన్మించాడు. తండ్రి వయొలిన్ విద్వాంసుడు, తల్లి గాయని. కాని కుమారుడు సంగీతాన్ని వృత్తిగా చేపట్టలేదు. ఇంజనీరింగు చదివి 1936లో ఫ్రెంచి రేడియోలో ఉద్యోగిగా చేరాడు. ఇంటిలో విన్న సంగీతం ఒకవైపు, చేతికింది యంత్రాలు మరొకవైపు ఆయనను లాగుతూ వచ్చాయి. కేవల సంగీతజ్ఞుడు అయివుంటే ఆయన చప్పుళ్ల జోలికి పోయేవాడు కాడు. కేవల ఇంజనీరు అయివుంటే వాటిని రికార్డు చేసి ఊరుకొనేవాడు.

రేడియో నాటకాలకు గుర్రపు డెక్కల చప్పుడు, వాన చప్పుడు, తలుపు చప్పుడు కావాలి. వాటిని కల్పించడానికి రేడియో కేంద్రాలలో ఒక సామగ్రి గది ఉంటుంది. 1948 వసంతకాలంలో షెఫెర్ ఆ గదిలోనుండి కొబ్బరిచిప్పలు, మోటారు హారన్లు, సైకిలు పంపులు మొదలైనవి పోగుచేసుకొని వాటితో ఒక సింఫనీ కూర్చాలని ఆశపడ్డాడు. ఆశ ఫలించలేదు. కొబ్బరిచిప్పలను ఎంత నేర్పుగా కొట్టినా వినేవాడికి గుర్రమే తోచింది. హారన్ను ఏ లయలో మోగించినా వీధిలోని మోటారుకారే కనిపించింది. ప్రతి చప్పుడూ తన పుట్టుకను వెంటబెట్టుకొనే వచ్చింది. వీణ మీద షడ్జం పలికితే మనం షడ్జాన్ని వింటాము. తీగకు వేలు తగిలిందని అనుకోము. చప్పుడు విషయంలో అలా జరగదు. ఏమిటది, ఎక్కడిది, ఎవరు చేశారు అని చెవి వెంటనే అడుగుతుంది. షెఫెర్ ఎదుర్కొన్న సమస్య ఇదే. చప్పుడును సంగీతం చేయాలంటే అది తన ఊరు పేరు మరచిపోవాలి.

ఆ యేడాది మే నెలలో ఆయన ధ్వనిముద్రణ పరికరాలతో పారిస్‌లోని బాతిన్యోల్ రైల్వే స్టేషనుకు వెళ్లాడు. అక్కడి షెడ్డులో ఆరు ఆవిరి ఇంజన్లు ఉన్నాయి. ఒక ఇంజను ఈల వేస్తే మరొకటి బదులు పలికేటట్లు, ఆవిరి వదలడం, చక్రాలు జారడం ఒక వరుసలో సాగేటట్లు ఆయన డ్రైవర్లను కోరాడు. ఒక వాద్యబృందాన్ని నడిపినట్లు ఆరు ఇంజన్లను నడపాలని ఆయన ఊహ. అయితే స్టూడియోకు తిరిగివచ్చి విన్నప్పుడు డ్రైవర్ల పోటీ ఈలల కంటె పట్టాల అతుకుల మీద పెట్టెలు దొర్లిన మామూలు చప్పుడే ఆయనకు ఎక్కువ ఉపయోగపడింది. ఆ చప్పుడులో సహజమైన లయ ఉంది. కాని అదీ రైలే. విన్నవాడికి ప్రయాణం, వీడ్కోలు, దూరదేశం గుర్తుకు వస్తాయి. అది కథ అవుతుందే తప్ప రాగం కాదు.

ఇక్కడ ఒక యాంత్రిక లోపం ఆయనకు దారి చూపింది. గ్రామఫోన్ రికార్డు మీద గాడి చుట్టలు చుట్టలుగా అంచునుండి లోపలికి సాగుతుంది. ముల్లు ఆ గాడి వెంట నడుస్తూ ధ్వనిని పలికిస్తుంది. రికార్డుకు దెబ్బ తగిలితే ముల్లు ముందుకు పోలేక ఒకే చుట్టులో తిరుగుతూ ఒకే ముక్కను మళ్లీ మళ్లీ పలుకుతుంది. పాతకాలపు రికార్డులు విన్నవారందరికీ ఈ విసుగు అనుభవమే. షెఫెర్ ఈ లోపాన్ని కావాలని కల్పించాడు. గాడి తన మొదలునే వచ్చి కలుసుకొనేటట్లు వృత్తంగా కోయించాడు. దీనిని 'మూసిన గాడి' అన్నారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులో ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో సుమారు నాలుగింట మూడు వంతులు మాత్రమే. అంతటి చిన్న ముక్క ఎడతెగక తిరిగి వస్తుంటే వినేవాడి మనస్సులో ఒక మార్పు కలుగుతుంది.

ఆ మార్పు తెలియడానికి గ్రామఫోన్ అవసరం లేదు. 'కుండ' అనే మాటను ఆపకుండా ముప్పై నలభైసార్లు పలికి చూడాలి. కొంతసేపటికి మట్టికుండ మాయమవుతుంది. 'కుండ' కాస్తా 'డకుం డకుం' అయి, అర్థం జారిపోయి, అక్షరాల బరువు, నాలుక తాకిడి, లయ మాత్రమే మిగులుతాయి. ఇంచుమించు మృదంగం మీది జతి వలె వినిపిస్తుంది. మూసిన గాడిలో తిరిగిన రైలు చప్పుడుకు పట్టిన గతి కూడా ఇదే. మొదటి చుట్టులో అది రైలు. పదో చుట్టుకు అది లయ.

రెండవ ఉపాయం గంటతో దొరికింది. గంట కొట్టినప్పుడు మొదట లోహానికి లోహం తగిలిన తాకిడి వినిపిస్తుంది, తరువాత ఆ నాదం సన్నగిల్లుతూ చాలాసేపు నిలుస్తుంది. షెఫెర్ తాకిడి ముగిసిన తరువాతనే రికార్డింగు మొదలుపెట్టి, మిగిలిన నాదాన్ని మాత్రమే పట్టుకొన్నాడు. తగ్గిపోతున్న దాని బలాన్ని సరిచేసి వినిపిస్తే అది గంట వలె లేదు. ఊది వాయించే ఓబో అనే పాశ్చాత్య వాద్యాన్ని పోలింది. మన చెవి ఒక ధ్వని పుట్టుకను గుర్తించడానికి దాని తొలి క్షణం మీద ఎంతగా ఆధారపడుతుందో ఈ 'కోసిన గంట' తేటతెల్లం చేసింది. తల తీసివేస్తే మొండెం ఎవరిదో చెప్పలేము. ఈనాటి ఎలక్ట్రానిక్ సంగీతంలో జరుగుతున్న చాలా గారడీలకు ఈ చిన్న ప్రయోగం మూలకందం.

1948 అక్టోబరు 5న ఫ్రెంచి రేడియో 'చప్పుళ్ల కచేరీ' అనే పేరుతో ఆయన కూర్చిన అయిదు చిన్న రచనలను ప్రసారం చేసింది. వాటిలో రైలు రచన సుమారు మూడు నిమిషాలు. మరొక దానిలో దొర్లే సత్తుగిన్నెలు, కాలువలో పడవలు, మనుషుల గొంతులు ఉన్నాయి. రెండింటికి పియానో ధ్వనులే ముడిసరుకు. ఆ పియానో వాయించిన యువకుడు అనంతర కాలంలో మహా స్వరకర్తగా పేరొందిన పియెర్ బూలెజ్. షెఫెర్ ఈ పద్ధతికి 'మ్యూజిక్ కాంక్రీట్' అని పేరు పెట్టాడు. దీనిని మూర్త సంగీతం అనవచ్చు. సాధారణంగా స్వరకర్త ముందు ఊహించి, కాగితం మీద స్వరాలు వ్రాసి, తరువాత వాద్యానికి అప్పగిస్తాడు. ఇక్కడ క్రమం తలక్రిందులైంది. ముందు చెవికి తగిలే ధ్వని, తరువాత ఊహ. కుమ్మరి చేతికి మట్టి వచ్చిన తరువాతనే కదా కుండ రూపం తేలేది!

ఈ ఘనత అంతా షెఫెర్ ఒక్కడిదే అనడం న్యాయం కాదు. యంత్రాల చప్పుళ్లను సంగీతంలోకి ఆహ్వానించాలని ఇటలీ చిత్రకారుడు లుయీజి రుస్సోలో 1913లోనే ప్రకటన వ్రాశాడు. జర్మనీలో వాల్టర్ రుట్‌మన్ 1930లో బెర్లిన్ నగరపు ధ్వనులను ముక్కలుగా కూర్చి బొమ్మలేని చలనచిత్రం ఒకటి చేశాడు. కైరో నగరంలో హలీమ్ ఎల్-దబ్ అనే యువకుడు 1944లో తీగ మీద ధ్వనిని ముద్రించే యంత్రాన్ని ఎరువు తీసుకొని, 'జార్' అనే స్త్రీల క్రతువులోని గానాన్ని ముద్రించి, దానిని స్టూడియోలో మార్చి ఒక రచన చేశాడు. షెఫెర్ కంటె నాలుగేండ్ల ముందు జరిగిన ఈ పనిని చరిత్రకారులు చాలా ఆలస్యంగా గుర్తించారు. పారిస్‌లో జరిగింది ఒక్కటే లోకంలో జరిగినట్లు తలచే అలవాటు సంగీత చరిత్రలోనూ ఉంది.

1951లో షెఫెర్ బృందానికి టేపు రికార్డర్లు వచ్చాయి. పని సులభమైంది. సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో నడిచే టేపు మీద ఒక సెకను ధ్వని 38 సెంటీమీటర్ల పొడవున పరచుకొని ఉంటుంది. కాలాన్ని కత్తెరతో కోసి, కావలసినచోట అతికించవచ్చు. టేపును వెనుకనుండి నడిపితే ధ్వని చివరినుండి మొదలుకు వస్తుంది. వేగం సగం చేస్తే స్థాయి ఒక మెట్టు దిగి మధ్యస్థాయి షడ్జం మంద్రస్థాయి షడ్జమవుతుంది. రెట్టింపు చేస్తే తారస్థాయికి ఎక్కుతుంది. షెఫెర్ సహచరుడు పియెర్ ఆన్రీ ఈ విద్యలో గురువును మించాడు. 1963లో ఆయన కూర్చిన ఒక రచనకు కిర్రుమనే తలుపు, ఒక నిట్టూర్పు ప్రధాన వస్తువులు. నూనె లేని తలుపును మెల్లగా తెరిస్తే ఒక రకం, వడిగా తెరిస్తే ఒక రకం, ఆగి ఆగి తెరిస్తే మరొక రకం కిర్రు పుడుతుంది. వయొలిన్ విద్వాంసుడు కమానును అదుపు చేసినట్లు ఆయన తలుపును అదుపు చేశాడు.

తన అనుభవాన్ని షెఫెర్ 1966లో ఒక పెద్ద గ్రంథంగా వెలువరించాడు. పైథాగరస్ తెర వెనుక కూర్చొని బోధించేవాడని, శిష్యులు ఆయనను చూడకుండా మాట మాత్రమే వినేవారని ఒక ఐతిహ్యం ఉంది. రేడియో, టేపు కూడా అటువంటి తెరలే అని ఆయన భావించాడు. ధ్వనికి మూలమైన వస్తువును, అది సూచించే అర్థాన్ని పక్కన పెట్టి, ధ్వనిని ధ్వనిగానే వినడాన్ని ఆయన ఒక సాధనగా ప్రతిపాదించాడు. దీనిని మనం 'నిరపేక్ష శ్రవణం' అనుకోవచ్చు. మన వ్యాకరణ పండితులు నడిచిన దారికి ఇది ఎదురు దారి. పలికిన ధ్వని క్షణంలో నశించినా దానివలన స్ఫురించే అర్థం నిలుస్తుందని వారి దృష్టి. అర్థం నశించినా పరవాలేదు, ధ్వని నిలిస్తే చాలునని షెఫెర్ పట్టుదల.

ఈ పట్టుదలకు ఆయన బృందంలోనుండే ఎదురుగాలి వీచింది. ల్యూక్ ఫెరారీ షెఫెర్‌తో కలిసి పనిచేసినవాడు. ఆయన 1960ల చివర ఏడ్రియాటిక్ సముద్రంలోని కోర్చుల ద్వీపంలో వేలా లూకా అనే పల్లెకు వెళ్లి, తెల్లవారుజామున అక్కడ వినిపించే ధ్వనులను ముద్రించాడు. పడవ మోటారు, గాడిద, కోడి, పిల్లల మాటలు, ఎండెక్కినకొద్దీ హెచ్చే కీటకాల రొద. అనేక ఉదయాల ముద్రణలను ఇరవై నిమిషాలకు కాస్త మించిన ఒకే ఉదయంగా కూర్చి 1970లో వెలువరించాడు. దాని పేరుకు 'దాదాపు ఏమీలేదు' అని అర్థం. ఇందులో గాడిద గాడిదే, పడవ పడవే. ఏ ధ్వనినీ గుర్తుపట్టరానంతగా మార్చలేదు. ఇది సంగీతమే కాదని సహచరులు కొందరు తోసిపుచ్చారు. కాని ఆ రచనలో కూర్పు లేదనడం పొరపాటు. ఏది ముందు వినిపించాలి, ఏది ఎంతసేపు నిలవాలి, ఏది ఎప్పుడు కనుమరుగు కావాలి అన్న నిర్ణయాలన్నీ కవి పద్యం కట్టినంత జాగ్రత్తగా జరిగాయి. అవి కనిపించకుండా ఉండడమే ఆయన పనితనం.

దంపుళ్ల పాటలు ఎరిగిన తెలుగువారికి ఈ వివాదం అంత వింతగా తోచదు. రోకలిపోటు అక్కడ లయ. అయినా అది రోకలిపోటుగానే వినబడుతుంది. వడ్లు దంపే శ్రమ ఆ చప్పుడులోనుండి తొలగిపోదు, తొలగిపోతే పాటకు అందమూ ఉండదు. అయితే అక్కడ చప్పుడు పాటకు తోడు. షెఫెర్, ఫెరారీలకు చప్పుడే పాట.

ఇంగ్లండులో డీలియా డార్బీషైర్ జీవితం ఈ రెండు వాదాలనూ ఒకచోట చేర్చింది. ఆమె 1937లో కోవెంట్రీ నగరంలో పుట్టింది. 1940లో ఆ నగరంపై జర్మను విమానాలు బాంబులు కురిపించినప్పుడు ఆమె మూడేండ్ల పిల్ల. ప్రమాదం తెలిపే సైరను, ప్రమాదం తప్పిందని తెలిపే సైరను తన చెవికి సోకిన తొలి ఎలక్ట్రానిక్ సంగీతమని ఆమె పెద్దయ్యాక చెప్పింది. బి.బి.సి. 1958లో స్థాపించిన ధ్వని ప్రయోగశాలలో చేరిన తరువాత ఆమెకు ఎంతో ఇష్టమైన వస్తువు ఒక పాత ఆకుపచ్చ లోహపు దీపపు డిప్ప. దానిని కొట్టి, తాకిడి భాగాన్ని తొలగించి, మిగిలిన మోతనుండి 1967లో సహారా ఎడారివాసులను గురించిన చిత్రానికి సంగీతం కూర్చింది. వింటే ఎడారి ఎండ, ఒంటెల నడక తోస్తాయి. దీపపు డిప్ప తోచదు. పద్ధతి షెఫెర్‌దే. కాని ఆ పనికి ఆమెను పురికొల్పిన చెవి మాత్రం సైరను ఏమి చెబుతున్నదో తెలిసి వణికిన పసిపిల్లది.

1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీనుండి ఫేర్‌లైట్ అనే వాద్యం మార్కెట్టుకు వచ్చింది. ఏ ధ్వనినైనా అంకెలుగా మార్చి దాచుకొని, మీటల మీద వేర్వేరు స్థాయిలలో పలికించడం దానితో సాధ్యమైంది. ఇటువంటి యంత్రాలను శాంప్లర్లు అంటారు. మొదట ధనికులైన సంగీత దర్శకులకే అందిన ఈ సౌకర్యం క్రమంగా కంప్యూటరులోకి, అక్కడినుండి సెల్‌ఫోనులోకి దిగింది. ఒక విద్యార్థి స్టీలు గ్లాసును గరిటెతో కొట్టి ఫోనులో ముద్రించి, తాకిడిని కోసివేసి, మిగిలిన నాదాన్ని సగం వేగంతో వినిపిస్తే దేవాలయపు గంట వంటి ధ్వని పుడుతుంది. 1948లో ఒక ప్రభుత్వ రేడియో స్టూడియో మొత్తం కలిసి చేసిన పని అది. భారతదేశంలో ఈ మార్గానికి తొలి అడుగులు అహ్మదాబాదులో పడ్డాయి. అక్కడి జాతీయ డిజైన్ సంస్థలో 1969లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతజ్ఞుని సహాయంతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో ఏర్పడింది. గీతా సారాభాయ్ మొదలైనవారు అక్కడ చేసిన ప్రయోగాల టేపులు అర్ధశతాబ్దం పాటు మరుగునపడి, 2023లో లోకానికి వినిపించాయి.

సాధనాలు చౌక అయినకొద్దీ పాత ప్రశ్న పదునెక్కింది. అమెరికాలోని మ్యాట్‌మాస్ అనే జంట 2016లో తమ ఇంటి బట్టలుతికే యంత్రం ధ్వనులతోనే 38 నిమిషాల రచన చేసింది. అది వినోదం. ఇంగ్లండు సంగీతకారుడు మాథ్యూ హెర్బర్ట్ 2011లో వెలువరించిన రచన వినోదం కాదు. ఒక పందిపిల్ల పుట్టుకనుండి దాని మాంసం వడ్డనకు వచ్చేవరకు గల ధ్వనులను ఆయన ముద్రించి కూర్చాడు. దాని వధను ముద్రించడానికి మాత్రం అనుమతి దొరకలేదు. ఈ రచనను నిరపేక్షంగా వినమంటే సాధ్యమా? ఆ అరుపు ఎవరిదో మరచిపోతే రచనే లేదు. ఇక్కడ చెవి తన పాత ప్రశ్నలను అడగాలి. ఎవరిది, ఎక్కడిది, ఎందుకు అని అడిగి తీరాలి. జంతుహింసను వ్యతిరేకించేవారు ఆయనను నిందించారు. తినడానికి అభ్యంతరం లేని సమాజానికి వినడానికి మాత్రం ఎందుకు కష్టమైందన్నది వేరే ప్రశ్న.

షెఫెర్ చివరి కాలంలో తన జీవితకృషిని తానే కఠినంగా తూచాడు. సప్తస్వరాల చట్రానికి వెలుపల సంగీతం అసాధ్యమని తెలుసుకోవడానికి తనకు నలభై యేండ్లు పట్టిందని 1986లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. తన కృషికి తానే మార్కులు వేసుకొనేవాడు కొన్నిసార్లు ఇతరులకంటె నిర్దయుడు. అప్పటికే ప్రపంచమంతటా వేలాదిమంది ఆయన చూపిన దారిలో నడుస్తున్నారు. ఆయన 1995లో మరణించాడు.

రైలు రచన మిగిలింది. అయితే దానిని వినే తీరు మారిపోయింది. ఫ్రాన్సులో ఆవిరి ఇంజన్లు 1970లలో నిత్యసేవ నుండి తప్పుకొన్నాయి. భారతదేశంలోనూ బ్రాడ్‌గేజి మార్గాల మీద 1995తో వాటి రోజులు ముగిశాయి. 1948లో వినేవాడు రోజూ వినే రైలును మరచిపోవాలని షెఫెర్ ఆ గాడిని మూసి తిప్పాడు. ఈనాడు ఆ మూడు నిమిషాలను వినేవారిలో చాలామంది ఆవిరి ఇంజనును ఎన్నడూ చూడనివారు. బాతిన్యోల్ షెడ్డులోని ఆ ఇంజన్ల ఊపిరి ఎలా ఉండేదో తెలుసుకోవడానికే వారు దానిని వింటున్నారు.

ప్రశ్నలు

1. కొబ్బరిచిప్పలు, హారన్లతో షెఫెర్ చేసిన తొలి ప్రయత్నం ఎందుకు ఫలించలేదు?
2. 'మూసిన గాడి', 'కోసిన గంట' అనే ప్రయోగాలను వివరించండి.
3. షెఫెర్, ఫెరారీల దృక్పథాలలోని భేదాన్ని తెలిపి, మీరు ఎవరి పక్షం వహిస్తారో కారణాలతో వ్రాయండి.
4. మీ ఇంటిలో వేకువనుండి మధ్యాహ్నం వరకు వినిపించే ధ్వనులలో మూడింటిని ఎన్నుకొని, వస్తువు పేరు చెప్పకుండా ఆ ధ్వనులను మాత్రమే వర్ణించండి.